తలాపున కుట్టిన పేరు

మా అత్తమ్మ పోయిందన్న కబురు నాకు బడిలో అందింది. మూడో తరగతి పిల్లలతో ఎక్కాలు చదివిస్తున్నాను. మా ఊరి నుంచి వచ్చే బస్సు కండక్టరు బడి వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. ఎప్పుడూ బస్సు దిగని మనిషి. "టీచరమ్మా, మీ అత్త పొద్దుగాల పోయిందట. మీ ఆయన జర జల్ది రమ్మన్నడు. బస్సు ఆపి ఉంచిన, రా" అన్నాడు. పిల్లల్ని పక్క తరగతికి అప్పజెప్పి, చేతికంటిన సుద్ద కూడా కడుక్కోకుండా బస్సెక్కాను.

కిటికీ పక్కన కూచుని ఆమె పేరు ఒకసారి మనసులో అనుకున్నాను. ఆమెకు వాళ్లమ్మ పెట్టిన పేరు. కాపురానికి వచ్చిన ఎనిమిదేండ్ల దాకా నాకే తెలియదు. ఇప్పుడు ఆ పేరు తెలిసినవాళ్లం ఇద్దరమే మిగిలాం, నేనూ మా మామయ్యా. దాన్ని ఇక్కడ రాయడం లేదు. నలుగురిలో వినబడి ఉంటే ఆమె సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉండేది. ఇంతమంది చదివే చోట దాన్ని రాస్తే నన్ను క్షమించదు.

మేము మేరోళ్లం, బట్టలు కుట్టే కులం. మా తల్లిగారిల్లు హుస్నాబాద్ దగ్గర. పోలీసు చర్య జరిగిన మూడు నాలుగేండ్లకు నన్ను ఎక్కడో ఆదిలాబాద్ అడవుల దిక్కు, జైనూర్‌కు పోయే దారిలో ఉన్న ఊరికి ఇచ్చారు. ముందు అర్రలో మామయ్య కుట్టుమిషన్ గడగడలాడేది. వెనక పంచలో అత్తమ్మ కాళ్లు చాపుకుని బొంతలు కుట్టేది. మామయ్య కత్తెర కింద పడ్డ ముక్కలూ, ఊళ్లోవాళ్లు తెచ్చిచ్చే పాత చీరలూ ధోతులూ అన్నీ ఆమె ఒడిలోకే చేరేవి. అక్కడి చలి మా దిక్కు చలి లాంటిది కాదు. దీపావళి దాటిందంటే పొద్దెక్కినా పండ్లు టకటక కొట్టుకుంటూనే ఉండేవి. బొంత లేని ఇల్లు ఆ చుట్టుపక్కల ఉండేది కాదు.

ఆమె పని చేసే తీరు చూడాలి. దబ్బనంలోకి దారం ఎక్కించేటప్పుడు ఎవరు ఏమడిగినా జవాబు వచ్చేది కాదు. ఎక్కాక మాత్రం ఊళ్లో సంగతులన్నీ అడగకుండానే చెప్పేది. మంగళవారం సూది ముట్టేది కాదు, ఆ రోజంతా ఏం తోచక వంటింట్లో నా మీద పడేది. బొంత పూర్తయ్యాక దాన్ని ఇచ్చే ముందు మధ్యాహ్నం పూట పంచలో పరుచుకుని, తాను కప్పుకుని పడుకుని చూసేది. పొడుగు మనిషికి కుట్టిందైతే కాళ్లు బారజాపి, మడమలు నేలకు ఆనించి, ఇంకా ఎంత మిగిలిందో నన్ను చూడమనేది. ఒకసారి అట్లా చూస్తూ చూస్తూ నిద్రపోయింది. బొంత కోసం వచ్చిన గోండు రైతు అరుగు మీద కూచుని, ఆమె లేచేదాకా మామయ్య ఇచ్చిన చుట్ట కాలుస్తూ ఉన్నాడు. లేపుతానంటే వద్దన్నాడు. బొంత బాగా కుదిరినట్టుందని సంతోషపడ్డాడు.

ప్రతి బొంతకూ ఆమె ఒక ముక్క కుట్టేది. అరచేతిలో సగమంత ఉండే తెల్లబట్ట. అది ఎవరి బొంతో తెలిపే గుర్తు. పెండ్లిండ్లకూ పేరంటాలకూ ఊళ్లో బొంతలన్నీ ఒకచోట చేరేవి. తిరిగిపోయేటప్పుడు ఒకరిది ఒకరు పట్టుకుపోయి నెలల తరబడి మాటలు లేకుండా ఉండేవాళ్లు. అట్లాంటి ఒక జగడం చూశాకే ఆ ముక్కలు మొదలుపెట్టానని చెప్పేది. ఆమెకు చదువు రాదు, కాబట్టి అన్నీ బొమ్మలే. మామయ్య బొంత మీద కత్తెర. మా ఆయన చిన్నప్పుడు ఎప్పుడూ చెట్ల మీదే ఉండేవాడట, ఆయన బొంత మీద కోతి. ఆ రైతు బొంత మీద గొడ్డలి. ఊళ్లో ఏ బొంత మీద ఏ బొమ్మ ఉందో అందరికీ కంఠతా వచ్చు. మా ఆయనను మా పెండ్లిలో ఎవరో కోతి అని పిలిస్తే నాకు అర్థం కాలేదు. తర్వాత బొంత చూశాక కడుపుబ్బ నవ్వాను.

ఆ పెండ్లిలోనే నా పేరు పోయింది. ఆ దిక్కు మరాఠోళ్ల ఇళ్లలో పెండ్లికూతురికి కొత్తపేరు పెట్టే ఆచారం ఉంది. వాళ్ల మధ్య బతికీ బతికీ మా అత్తగారింటి వాళ్లకూ అది అలవాటైంది. పళ్లెంలో బియ్యం పోసి, పెండ్లికొడుకు చేత ఉంగరంతో పేరు రాయించారు. సులోచన అని రాశాడు. అప్పటిదాకా నేను కొమురమ్మను. మా నాయనమ్మ పేరు అది. ఏడో తరగతి దాకా బళ్లో అదే పేరుతో పిలిపించుకున్నాను. మంచి పేరు పెట్టామని మామయ్య అందరికీ చెప్పుకుని మురిశారు.

కొత్తపేరుతో పిలిస్తే నేను పలికేదాన్ని కాదు. పొగరుండి కాదు, ఎవర్నో పిలుస్తున్నారని అనిపించేది. చేస్తున్న పని చేస్తూనే ఉండేదాన్ని. కోడలికి చెవుడని ఒకరు, కొవ్వని ఒకరు అన్నారు. మామయ్య మూడుసార్లు పిలిచి, నాలుగోసారి లేచి వచ్చి ఎదురుగా నిలబడేవారు. నన్ను తీసుకుపొమ్మని మా అన్నకు ఒక కార్డు రాసి పెట్టె అడుగున దాచుకున్నాను. ఎవరి చేత డబ్బాలో వేయించాలో తెలియక ఆగాను. ఆ మొదటి చలికాలం నేను ఆ ఇంట్లో ఉంటానో వెళ్లిపోతానో నాకే తెలియదు.

ఆ రోజుల్లోనే అత్తమ్మ నాకు బొంత కుట్టింది. ఇంట్లో అందరి బట్టల ముక్కలూ ఉన్నాయి అందులో. మామయ్య ధోతి అంచు, మా ఆయన చిన్నప్పటి అంగీ, ఆమె పసుపు చీర. ముక్క దగ్గరికి వచ్చేసరికి, నీకు అక్షరాలు వచ్చు కదా, బొమ్మ ఎందుకు, పేరే రాసియ్యి, దాని మీద నేను దారం పోస్తానన్నది. మామయ్య బట్టల మీద గీతలు గీసుకునే అరిగిన సబ్బుబిళ్ల తెచ్చి ఇచ్చింది. ముందు అర్రలో మామయ్య ఉన్నారు. సబ్బుగీత తెల్లబట్ట మీద కనబడదు కాబట్టి నేను నల్లటి గుడ్డ ముక్క మీద సులోచన అని రాసి ఇచ్చాను.

ఆమె దాన్ని చాలాసేపు చూసింది. అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది. తర్వాత లేచిపోయి గూట్లోంచి మా అన్న అంతకుముందు రాసిన కార్డు తెచ్చింది. అది వచ్చినరోజు నేను చదివి వినిపించాను. మొదటి వరుసలో ఏముందని అప్పుడు ఆమె అడిగితే, నా పేరుందని వేలుపెట్టి చూపించాను. ఆమె ఆ వరుసనూ నేను రాసిన గుడ్డనూ పక్కపక్కన పెట్టింది.

"గిది గా కారటు మీద ఉన్న తీరు లేదు బిడ్డా" అన్నది.

నేను మామయ్య ఉన్న అర్ర దిక్కు చూశాను. ఆమె ఇంకేమీ అడగలేదు. గుడ్డ మీది సబ్బుగీతలు కొంగుతో తుడిచేసి, కార్డు చూసుకుంటూ తానే ఒక్కొక్క అక్షరమూ బొమ్మ వేసినట్టు వేసింది. కొమ్ములు కొంచెం వంకర పోయాయి. కానీ అది కొమురమ్మే. తెల్లదారంతో కుట్టి, బొంతకు తలాపు దిక్కున, తల వచ్చే వైపు అతికించింది.

మామయ్యకు అక్షరాలు వచ్చు. మరుసటిరోజే చూశారు. ఏమీ అనకుండా చిన్న కత్తెర తెచ్చి, ఆ ముక్క చుట్టూ కుట్టు ఊడదీసి మిషన్ మీద పెట్టి పోయారు. అన్నం తిన్నాక అత్తమ్మ దాన్ని తెచ్చి మళ్లీ కుట్టింది. ఆయన మళ్లీ ఊడదీశారు. ఆమె మళ్లీ కుట్టింది. ఇద్దరిలో ఎవరూ గొంతెత్తలేదు. మూడోసారి మామయ్య అడిగారు, గీ ఇంటికి వచ్చినంక గీ ఇంట్ల వెట్టిన పేరే కదా, మనిషికి రెండు పేర్లేందని.

"పొద్దంత నువ్వు వెట్టిన పేరుతోనే పిలువు, ఎవలొద్దన్నరు. పండుకున్నప్పుడన్న పొల్ల పేరు పొల్లకుండనీయి" అన్నదామె, దబ్బనం మీంచి చూపు తిప్పకుండా.

మామయ్య ఆ ముక్కను చేతిలోకి తీసుకుని చూశారు. కుట్టి ఊడదీసి, కుట్టి ఊడదీసి అంచంతా పిగిలిపోయింది. ఇంకోసారి ఇప్పితే బట్ట ఆగదన్నారు. దర్జీ మనిషి కదా, అంతకంటే పెద్ద కారణం ఆయనకు అక్కర్లేదు. కత్తెర డబ్బాలో వేసుకుని ముందు అర్రలోకి పోయారు. పెట్టె అడుగున ఉన్న కార్డును నేను పొయ్యిలో వేశాను. తర్వాత సులోచన అంటే పలకడం కూడా తొందరగానే వచ్చేసింది.

ఆ తర్వాత ఊరంతా అక్షరాల ముక్కలే కావాలన్నారు. కోతీ కత్తెరా పనికిరాకుండా పోయాయి. మరాఠోళ్లు వాళ్ల అక్షరాలే కావాలంటే, వాళ్ల పిల్లల పలకలు తెప్పించుకుని చూసి కుట్టేది. ఫారెస్టు జవాను ఒకతను ఉర్దూలో కావాలన్నాడు. నిజాం కాలపు బళ్లో చదివాను కాబట్టి నేను రాసిచ్చాను. అన్నీ ఆమెకు ఒక్కటే, అన్నీ బొమ్మలే. కానీ ముక్కను ఎప్పుడూ తలకిందులుగా అతికించేది. బొంతను దండెం మీద వేస్తే ప్రతి పేరూ శీర్షాసనం వేసినట్టు కనబడేది. చదువు రాక చేస్తున్న పొరపాటనుకుని, ఆ జవాను బొంతకు నేనే ముక్క ఊడదీసి సరిగ్గా కుట్టి పెట్టాను. ఆమె చూసి, దాన్ని మళ్లీ తలకిందులు చేసింది. నేను నవ్వితే, నన్ను పడుకోబెట్టి బొంత మెడదాకా కప్పింది. కిందికి చూస్తే పేరు నా కండ్లకు నిటారుగా ఉంది.

"పేరు కప్పుకున్నోళ్లకు కనవడాలె. నిలవడ్డోళ్లకు ఎందుకు బిడ్డా" అన్నది.

ఏండ్లు గడిచాయి. రాష్ట్రం పేరు మారింది, మా ఊరి బస్సుల మీద కొత్త రాతలు వచ్చాయి. నాకు ఇద్దరు పిల్లలు పుట్టారు, పంతులమ్మ ఉద్యోగం వచ్చింది. అందరి బొంతలకూ పేర్లున్నాయి, ఆమె బొంతకు మాత్రం ముక్క లేదు. రాసిస్తానంటే, పనుందని లేచిపోయేది. ఒకరోజు పట్టుబట్టి అడిగాను, మీ అవ్వ పెట్టిన పేరేంది అత్తమ్మా అని. యాదికి లేదన్నది. తొమ్మిదో ఏట పెండ్లి చేశారు. బియ్యంలో కొత్తపేరు రాశారు. మరుసటేడు తల్లి పోయింది. ఆ తర్వాత పాతపేరుతో పిలిచేవాళ్లే లేరు. ముప్పై ఏండ్ల పైన అయింది, ఎవరికి యాదుంటది అని నవ్వింది. నాకు ఆ నవ్వు భరించడం కష్టమైంది. నా పేరు కోసం మొగుడితో మూడు రోజులు కొట్లాడిన మనిషి, తన పేరు ఎక్కడ పోయిందో వెతకను కూడా లేదు. ఏ పేరూ లేకుండానే ఈమె వెళ్లిపోతుందేమోనన్న బుగులు ఆరోజు పట్టుకుంది నాకు.

మా చిన్నోడి జ్వరం తగ్గితే కొండగట్టుకు వస్తామని మొక్కుకున్నాం. మొక్కు తీర్చడానికి అత్తమ్మా నేనూ పిల్లాణ్ని తీసుకుని పోయాం. ఆమె పుట్టిన ఊరు కొండకు రెండు కోసుల దూరమే. దర్శనమయ్యాక పోదామంటే రానన్నది. ఆడ ఎవలున్నరు అన్నది. కాళ్లు నొస్తున్నయన్నది. నేను బండి మాట్లాడి ఎక్కించాను.

ఆ ఊళ్లో వాళ్ల ఇల్లు లేదు, ఆ జాగాలో ఎవరివో గొడ్లు కట్టేసి ఉన్నాయి. అడగ్గా అడగ్గా ఆమె చిన్నమ్మ ఒకామె బతికే ఉందని తెలిసింది. పందిరి కింద నులకమంచంలో కూచుని ఉంది, చూపు ఆనదు. ఎవలు అని అడిగింది. మేరోళ్ల పిల్లను చిన్నప్పుడు ఆదిలాబాద్ దిక్కు ఇచ్చిండ్రు కదా, ఆమెను తోలుకొచ్చిన అన్నాను. ముసలామె తల పక్కకు వంచి కాసేపు ఆలోచించింది. తర్వాత ఒక పేరు అన్నది, అడిగినట్టుగా, మెల్లగా.

"ఊఁ" అన్నది నా వెనకనుంచి అత్తమ్మ.

యాదికి లేదన్న మనిషి. నేను తిరిగి చూసేసరికి రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడి ఉంది. ముసలామె చేయి చాపి దా అన్నది. అత్తమ్మ పోయి నేల మీద కూచుని ఆ ఒడిలో తల పెట్టింది. ముసలామె ఆ పేరే అంటూ వీపు నిమురుతూ ఉంది. నేను పిల్లాణ్ని ఎత్తుకుని గొడ్ల దగ్గరికి పోయి నిలబడ్డాను, నాకూ ఏడుపు ఆగలేదు. తిరుగు బస్సులో జగిత్యాల దాటాక మొదటిసారి నోరు తెరిచి, నేను పలుకలే బిడ్డా, నోరే పలికిందన్నది. ఆ చిన్నమ్మ కూడా ఆ ఏడాదే పోయిందని తర్వాత తెలిసింది.

వారం రోజులకు సబ్బుబిళ్ల తెచ్చి నా ముందు పెట్టింది. చిన్నగా రాయమన్నది. ఆమె కుట్టిన ముక్కలన్నిటిలోకీ అదే చిన్నది. అందరికీ పైన కుట్టేది, తనకు మాత్రం బొంత లోపలి దిక్కు, గదవ కిందికి, గడ్డం తగిలే చోటికి వచ్చేటట్టు కుట్టుకుంది. ఎవరికీ చెప్పొద్దని నా చేత చేతిలో చేయి వేయించుకుంది. కానీ బొంత అన్నాక ఎండకు వేయక తప్పదు. మామయ్య చూశారు. చదివి, ఎవలిదని నన్ను అడిగారు. అత్తమ్మనే అడుగుండ్రి అన్నాను. ఆయన ముందు అర్రలో నిలబడి, పంచ దిక్కు తిరిగి, ఆ పేరుతో ఒకసారి పిలిచారు.

దబ్బనం చేతిలోనే పట్టుకుని వచ్చింది ఆమె. మొహం ఎర్రబడింది. "నీ నోట్లె వద్దు. గది మా అవ్వ పిలిచిన పేరు. నువ్వు వెట్టిన పేరుతోనే పిలువు, పలుకుత" అని చెప్పి వెళ్లిపోయింది.

మామయ్య మిషన్ ముందు కూచున్నారు. చక్రం మీద చేయి వేశారు కానీ తిప్పలేదు. నా దిక్కు తిరిగారు.

"అయితే గిన్నేండ్లు నేను పిలిచింది ఎవల్ని పిల్లా" అన్నారు.

ఆ తర్వాత ఆయన ఆమె మాట దాటలేదు. ఆ పేరు మళ్లీ ఆ ఇంట్లో వినబడలేదు. నేను పంతులమ్మగా వేరే ఊరికి మారి, వారానికోసారి ఇంటికి వచ్చినప్పుడల్లా ఆమె నాకు ఆ వారం కుట్టిన పేర్లన్నీ చూపించేది. పోయిన ఆదివారం కూడా చూపించింది. కండ్లు మసకబారాయి, కుట్లు వంకర పోతున్నాయి, అయినా దబ్బనంలో దారం ఎక్కించనిచ్చేది కాదు. ఎక్కించిస్తానంటే చేయి మీద చిన్న దెబ్బ వేసేది.

నేను ఇల్లు చేరేసరికి ఆమెకు నీళ్లు పోయడం అయిపోయింది. రాత్రి పడుకున్న మనిషి పొద్దున లేవలేదని మా ఆయన చెప్పాడు. పడక బట్టలు చాకలికి ఇవ్వాలని ఎవరో ఆమె బొంత మడవబోతే మామయ్య ఆపారు. దాన్ని పాడె మీద పరిపించారు. తలాపు దిక్కు ఏదో ఆయనే చూసి చెప్పారు.

ఊరు దాటాక సగం దారిలో, ఆచారం ప్రకారం పాడె దించారు. పోయిన మనిషిని చెవిలో మూడుసార్లు పిలిచి చూసే చోటు అది. మా ఆయన వంగి అవ్వా అని పిలిచాడు. పేరు పెట్టి పిలవాలని ఎవరో అంటే, కులపెద్ద ఒకాయన ఆ ఇంట్లో పెట్టిన పేరుతో పిలిచాడు. ఇంకొక్కసారి మిగిలింది. నేను ముందుకు అడుగు వేశాను. ఆ పేరు నా నాలుక మీదే ఉంది. చుట్టూ అంత మంది ఉన్నారు, చేతిలో చేయి వేయించుకున్న మాట ఉంది. వేసిన అడుగు దగ్గరే ఆగాను.

మామయ్య నన్ను పక్కకు జరిపారు. మోకాళ్ల మీద కూచోవడానికే ఆయనకు చాలాసేపు పట్టింది. ఆమె చెవి దగ్గర నోరు పెట్టి, పక్కనే ఉన్న నాకు మాత్రమే వినబడేటంత మెల్లగా, ఆమె వద్దన్న ఆ పేరుతో పిలిచారు. పిలిచి అట్లే ఉండిపోయారు. మోసేవాళ్లు వంగి బొంగుల మీద చేతులు వేశారు. పొద్దువోతుంది లే బాపూ అని మా ఆయన భుజం పట్టుకున్నాడు.

"జర ఆగుండ్రి" అన్నారు మామయ్య, చెవి ఆమె నోటి దగ్గర పెట్టుకుని.

బొంగుల మీద చేతులు వేసిన నలుగురూ అట్లే వంగి ఆగారు.